చింతపిక్కకో డ్రెస్సు: మా ఇంట్లో బట్టల మార్పిడి డైరీ

జూన్ 29, ఆదివారం

పొద్దున్న బీరువా తలుపు తీస్తే పై అరలోంచి మూడు చున్నీలు, ఒక శాలువా నెత్తిన పడ్డాయి. ఆ శాలువా ఎవరు కప్పారో, ఎందుకు కప్పారో గుర్తులేదు. కింద కూర్చుని లెక్కపెట్టాను. కుర్తీలు 34. పోయిన దసరా నుంచి ఒక్కసారైనా వేసుకున్నవి 13. చీరల జోలికి వెళ్ళలేదు, భయమేసింది.

"ఇంకో బీరువా కొందామా?" అన్నాడు మా ఆయన. బెంగళూరు మున్నెకొలాలలో రెండు బెడ్‌రూముల అద్దె ఇల్లు మాది. బీరువా వస్తే మంచం బయటికి పోవాలి.

ఆషాఢం వచ్చి నాలుగు రోజులైంది, ఫోన్ నిండా తగ్గింపు ధరల మెసేజ్‌లే. శ్రావణ శుక్రవారాలకి ఎలాగూ ఏదో ఒకటి కొంటాం. మూడో అంతస్తు నెల్లూరు అక్క కాఫీకి వస్తే ఈ గుట్టంతా చూపించాను. "నా బీరువా చూడలేదు నువ్వు" అంది. కొత్తవి కొనే ముందు మనలో మనమే మార్చుకుంటే ఎలా ఉంటుందని మాట వచ్చింది. ఐడియా నాదేనని నా నమ్మకం. అక్క దగ్గర మాత్రం అనను.

శ్రావణం జూలై 25న మొదలు. అందుకని జూలై 20, ఆదివారం, మా హాల్లో అనుకున్నాం. క్లబ్ హౌస్ అడిగితే అసోసియేషన్ చెప్పిన అద్దెకి ఒక చీరే వచ్చేస్తుంది.

జూలై 2, బుధవారం

వాట్సాప్ గ్రూపు పెట్టాం. మా అపార్ట్‌మెంట్ వాళ్ళు, మా ఆఫీసు వాళ్ళు, పీజీలో ఉండే మా టీమ్ వరంగల్ పిల్ల, ఎదురింటి కన్నడ ఆంటీ. మొత్తం 14 మంది.

మొదటి ప్రశ్న: "అంటే... వాడిన బట్టలా?"

ఆ మూడు చుక్కల్లోనే అంతా ఉంది. అక్క లంగావోణీ చెల్లికి వస్తే మనకి పట్టదు. పనిమనిషికి మన చీర ఇచ్చేటప్పుడు రెండోసారి ఆలోచించం. కానీ మనతో సమానంగా కూర్చుని కాఫీ తాగే మనిషి విడిచిన బట్ట మనం కట్టుకోవాలంటే నామోషీ. ఇవ్వడానికి అందరూ రెడీ. తీసుకోవడం దగ్గరే వస్తుంది చిక్కు.

తెనాలిలో మా అమ్మ పాత చీరలు వేసి స్టీలు సామాన్లు తీసుకునేది. రెండు జరీ చీరలకి ఒక మూత డబ్బా, దానికి గంటసేపు బేరం. ఆ డబ్బాలో ఇప్పటికీ కందిపప్పు పోస్తుంది. అక్కడ సిగ్గు లేదు, ఎందుకంటే తిరిగొచ్చేది గిన్నె. బట్టకి బట్ట తిరిగొస్తేనే మొహాలు మారతాయి.

వరంగల్ పిల్ల గ్రూపులో ఒక లెక్క పెట్టింది. ఒక కాటన్ టీషర్ట్ వెనక, పత్తి పంట దగ్గర్నుంచి కలుపుకుంటే, సుమారు 2,700 లీటర్ల నీళ్ళు ఖర్చవుతాయట. పర్యావరణం మాటలకి మా గ్రూపులో ఎవరూ పలకరు. అక్క మాత్రం "అర ట్యాంకరే!" అని రాసింది. మా అపార్ట్‌మెంటుకి వచ్చేది 6,000 లీటర్ల ట్యాంకరు. 2024 ఎండాకాలంలో బకెట్లు పట్టుకుని దాని కోసం ఎదురుచూసినవాళ్ళకి ఆ లెక్క వెంటనే ఎక్కింది. ఆ రాత్రే ఇంకో నలుగురు వస్తామన్నారు.

జూలై 6, తొలి ఏకాదశి

ఉపవాసం ఉండి స్ప్రెడ్‌షీట్ వేశాను, అదే తప్పు. పట్టుచీరకి 10 పాయింట్లు, నూలు చీరకి 5, కుర్తీకి 3, టాపుకి 2. కొన్న ధర, వాడిన సంవత్సరాలు, ఇప్పుడున్న పరిస్థితి అని మూడు గడులు. గ్రూపులో పెట్టగానే గొడవ. "మాది కూడా డిజైనర్ కుర్తీయే, 3 ఎలా?" "అది చేతినేత అండీ, మిల్లు చీరతో కలిపేశారు." పాయింటు పెట్టగానే ప్రతి బట్టకీ ధర గుర్తొచ్చింది, ధర గుర్తొస్తే ఇక చేయి రాదు. సాయంత్రానికి ఇద్దరు తప్పుకున్నారు. తర్వాత వచ్చారనుకోండి.

షీటు తీసేశాను. పచ్చడికి చింతపండు పిసికినప్పుడల్లా పిక్కలు దాచడం మా అమ్మ అలవాటు, నాకూ అంటింది. అష్టాచెమ్మా ఆడేదెప్పుడో, దాచడం మాత్రం ఆగలేదు. ఒక బట్ట తెస్తే ఒక చింతపిక్క, ఒక పిక్క ఇస్తే ఏదైనా ఒక బట్ట. కుర్తీయా, జీన్సా, నూలు చీరా అని తేడా లేదు. పట్టుచీరలు మాత్రం వేరే మంచం మీద, పట్టుకి పట్టే. వాటికి ఎర్రగా గురిగింజలు ఇస్తే అందంగా ఉంటాయనుకున్నా. కానీ గురిగింజ విషం, ఇంటి నిండా పిల్లలు. అందుకని గవ్వలు.

మనిషికి తక్కువలో తక్కువ 5, ఎక్కువలో ఎక్కువ 10. లోదుస్తులు వద్దు. జాకెట్టు చీరతోపాటే వెళ్తుంది, దానికి పిక్క లేదు. ఒకరి జాకెట్టు ఇంకొకరికి ఎప్పుడు పట్టింది కనక?

జూలై 12, శనివారం

సైజుల సంగతి చూశాం. కుర్తీ మెడ దగ్గర ఎల్ అని ఉంటే ఒకడిది 40, ఇంకొకడిది 42. పైగా నాలుగు ఉతుకులకి ఆ చీటీ అరిగిపోతుంది. అందుకని టేపు పెట్టి కొలవడమే. కుర్తీని నేల మీద చదునుగా పరిచి, చంక కింద ఈ కుట్టు నుంచి ఆ కుట్టు దాకా అడ్డంగా కొలవాలి. 20 అంగుళాలు వస్తే చుట్టుకొలత 40. ఒంటి కొలత దానికన్నా రెండంగుళాలైనా తక్కువుంటేనే ఊపిరి ఆడుతుంది. ఆ అంకె కాగితం ముక్క మీద రాసి పిన్నీసుతో గుచ్చాలి.

ఆ కాగితం మీదే ఇంకో వాక్యం రాయమన్నాం: ఇది ఎందుకు ఇచ్చేస్తున్నారు? అక్క ఐడియా, ఒప్పుకుంటున్నా.

మా సందులో కుట్టుమిషన్ పెట్టుకున్న మదనపల్లె టైలరమ్మని కూడా రమ్మన్నాం. జాకెట్లకి పక్కల్లో రెండు మూడు వరసల కుట్లు వేసి ఉంటాయి కదా, ఒక వరస విప్పితే అంగుళం దాకా వదులవుతుంది. ఆ పని అక్కడికక్కడే చేస్తానంది. "మీరంతా బట్టలు మార్చుకుంటే నా గిరాకీ ఏం కావాలమ్మా?" అని నవ్వింది కూడా. తర్వాత చూస్తే, ఆ రోజు అందరికన్నా బిజీగా ఉన్నది ఆమే.

జూలై 18, శుక్రవారం

సంచులన్నీ ఈ సాయంత్రమే మా ఇంటికి చేరాలని ప్లాను. రెండో అంతస్తు నుంచి ఫోను: "మా అత్తగారు శుక్రవారం పూట ఇంట్లోంచి బట్టలు పంపనంటున్నారు." ఆషాఢం, పైగా శుక్రవారం. నాకు తట్టకపోవడం నాదే పొరపాటు, మా అమ్మైతే ముందే చెప్పేది. అందరికీ శనివారం అని మెసేజ్ పెట్టాను.

జూలై 19, శనివారం

ఆ అత్తగారే స్వయంగా సంచీ మోసుకుంటూ వచ్చారు, కోడలికి తెలియకుండా తనవి ఇంకో రెండు నారాయణపేట చీరలు అందులో పెట్టుకుని.

మొత్తం 126 వచ్చాయి. ఒక్కొక్కటీ కిటికీ దగ్గర వెలుగులో పట్టుకుని చూశాం. చంకల్లో పసుపుపచ్చ మరకలు, తెగిన జిప్పులు, మోకాళ్ళ దగ్గర పలచబడ్డ లెగ్గింగులు. తొమ్మిదింటిని పక్కన పెట్టేశాం, ఎవరివో చెప్పకుండా. చీరల్ని మడతల మీద చూడాలి. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంటే పట్టు అక్కడే చిట్లుతుంది. ఒక ధర్మవరం చీర పైకి కొత్తగా ఉంది, విప్పితే మడత పొడవునా గీత. ఆ సంగతి చీటీ మీద రాయించాం.

వాసన సంగతి ఎవరూ అనుకోలేదు. సగం సంచుల్లో కలరా ఉండల ఘాటు. నీడలో రెండు రోజులు ఆరేస్తే పోతుంది. మాకున్నది ఒక రాత్రి, బయట ముసురు. హాల్లో అడ్డంగా తాళ్ళు కట్టి, ఫ్యాన్లు పెట్టి, చీరల కిందనుంచి వంగి నడుస్తూ అన్నాలు తిన్నాం. మా ఆయన మూడుసార్లు "ఇంకో బీరువా కొనేస్తే పోయేది" అన్నాడు.

జూలై 20, ఆదివారం

చెప్పిన టైము 11. మొదటి మనిషి 11:40.

అమరిక ఇలా: హాల్లో తాళ్ళ మీద కుర్తీలు, కొలత ప్రకారం. దివాన్ మీద నూలు చీరలు. చిన్న గదిలో మంచం మీద పట్టువి, మొత్తం ఎనిమిది. మూల చాప మీద పిల్లల బట్టలు. మా బెడ్‌రూమ్ ట్రయల్ రూము, ఎందుకంటే అద్దం ఉన్నది బీరువా తలుపుకే.

మొదటి అరగంట ఘోరం. అందరూ చేతుల్లో చింతపిక్కలు గలగలలాడించుకుంటూ తిరుగుతున్నారు. పక్కవాళ్ళ కుర్తీ తీసి చూడటం, "చాలా బావుందండీ, మీరు తీసుకోండి, మీకు నప్పుతుంది" అనడం, నీటుగా మడిచి పెట్టేయడం. చివరికి అన్ని బట్టలూ నేను పెట్టినదానికన్నా చక్కగా మడతపడి కూర్చున్నాయి.

కదలిక వచ్చింది పిల్లల చాప దగ్గరే. పిల్లల బట్టలకి నామోషీ వర్తించదు. మా ఆఫీసు శ్రీకాకుళం ఫ్రెండ్ తన కూతురి పట్టులంగా తెచ్చింది. అంచు పైన వేసిన మూడు టక్కులూ ఏడాదికొకటి చొప్పున విప్పేసింది, ఇక విప్పడానికి ఏమీ లేదు, పిల్ల ఆగలేదు. ఆకుపచ్చ లంగా, ఉతికీ కట్టీ కాస్త వెలిసింది. కానీ టక్కులున్న చోట, మడత లోపల ఇన్నాళ్ళూ ఎండ తగలని చోట, మూడు సన్నని గీతలు చిలకపచ్చగా కొత్తగా మెరుస్తున్నాయి. దాన్ని తీసుకున్నది కింది ఫ్లోర్ అమ్మాయి, ఆమె కూతురికి మూడేళ్ళు. టైలరమ్మ చూసి, "గీతలున్నాయి కదా, మళ్ళీ వాటి మీదే టక్కులు వేస్తా, కొలిచే పని కూడా లేదు" అంది.

అయినా పెద్దవాళ్ళు కదల్లేదు. వరంగల్ పిల్ల ట్రయల్ రూములోకి వెళ్ళనే లేదు. తాడు మీదనుంచి ఒక కలంకారీ కుర్తీ తీసి టీషర్ట్ మీదే తొడుక్కుని, "అద్దం ఎక్కడక్కా?" అంది. అప్పుడు వెలిగింది నాకు. బెడ్‌రూములోకి ఒక్కొక్కరే వెళ్ళి, తలుపేసుకుని, వేసుకుని, విప్పి, బయటికొచ్చి "నాకు పట్టలేదండీ" అంటున్నారు. లోపల ఒంటరిగా చూసుకుంటే ఎవరికైనా పట్టదు. పైనుంచి అక్క వాళ్ళ నిలువుటద్దం దింపించి హాలు మధ్యలో, గోడకి ఆనించి పెట్టాం. మగవాళ్ళని అప్పటికే టీ పేరుతో బయటికి తరిమేశాం.

ఇక చూడాలి. చీరలు డ్రెస్సుల మీదే చుట్టేసుకుని, కుచ్చిళ్ళు ఒకరికి ఒకరు పట్టి, "తిరుగు, వెనక్కి తిరుగు". పది నిమిషాల్లో పిక్కల గిన్నెలో చప్పుడు మొదలైంది.

చీటీలు కూడా పనిచేశాయి, నేను అనుకున్నదానికి అడ్డంగా. "చాలా ఇష్టమైన చీర, రెండుసార్లే కట్టాను" అని రాసినదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. "చంకలో బిగుతు. బిర్యానీ తినే రోజు వద్దు" అన్నది మొదటి గంటలోనే పోయింది. "మా ఆయన సెలెక్షన్" అని ఒక్కమాటే రాసిన ఆవపువ్వు రంగు చీర కోసం ఇద్దరు పోటీపడ్డారు. ఇచ్చేవాళ్ళు గొప్పలు చెబితే పుచ్చుకోవడం భారమవుతుంది కాబోలు. లోపం చెబితే తీసుకునేవాళ్ళే ఉపకారం చేస్తున్నట్టు ఉంటుంది.

పట్టు గదిలో వేరే నాటకం. కన్నడ ఆంటీ ఒక ఇళకల్ తెచ్చారు. ఒళ్ళు నూలు, పల్లూ ఎర్ర పట్టు. అది పట్టుమంచానికి చెందుతుందా, నూలు దివాన్‌కా? ఆవిడ పల్లూ మొదలయ్యే చోట వేలు పెట్టి చూపించారు. ఒంటి పడుగు దారాల్నీ పల్లూ పడుగు దారాల్నీ ఉచ్చుల్లా ఒకదాంట్లో ఒకటి తగిలించి కలుపుతారట, తోపి తెని అంటారట. "గద్వాలలో మాకూ ఇంతే ఆంటీ, ఒళ్ళు నూలు, అంచూ పల్లూ పట్టు" అంది పాలమూరు నుంచి వచ్చిన మా టీమ్ లీడ్, తన గద్వాల్ చీర తెచ్చి పక్కన పరుస్తూ. ఇద్దరూ రెండు చీరల్నీ తిరగేసి, మరగేసి, చివరికి గవ్వలూ గివ్వలూ లేకుండా చేతులు మార్చేసుకున్నారు. "చెన్నాగిదె" అని ఆంటీ, "బాగుంది" అని ఈవిడ. పుస్తకంలో రెండు అని రాసుకున్నాను.

నేను పెట్టిన ఉప్పాడ జాందానీ శ్రీకాకుళం ఫ్రెండ్ తీసుకుంది. 2016 దీపావళి బోనస్‌తో కొన్నది, నెమలికంఠం రంగు, బుటా లోపలా బయటా ఒకేలా కనిపిస్తుంది. చీటీ మీద నిజమే రాశాను: "జారుతుంది. ఆరు పిన్నీసులు కావాలి." ఇచ్చేటప్పుడు అందరి ముందూ డైలాగు కూడా కొట్టాను, ఇచ్చాక అది మనది కాదు, వెనక్కి చూడకూడదు అని.

ఒక్క ప్రమాదం. పులిహోర. చీరల పార్టీకి పసుపూ నూనే వేసిన వంట పెట్టిన తెలివి నాది. ఎవరో పిల్లాడి చేయి తెల్ల మంగళగిరి చీర మీద పడింది. ఇంకోసారైతే చేగోడీలు, అరటిపళ్ళు, అంతే.

జూలై 23, బుధవారం

మంగళగిరి వైద్యం. సబ్బు పెట్టగానే పసుపు మరక ఎర్రగా మారింది, గుండె ఆగింది. మా అమ్మకి ఫోన్ చేస్తే, "సబ్బు తగిలితే పసుపు పారాణవుతుంది, ఎండలో వెయ్, అదే పోతుంది" అంది. బెంగళూరు జూలైలో ఎండ ఎక్కడ తేను? మూడు రోజులుగా బాల్కనీలో, మబ్బు విడిచినప్పుడల్లా చీరని అటూ ఇటూ జరిపాను. ఆఫీసు మీటింగులో ఉండి కూడా లేచి వెళ్ళాను. ఇవాళ్టికి మరక ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. చీర కొత్త యజమానురాలికి అప్పగించేశాను. మరక చోటు మాత్రం చెప్పలేదు.

జూలై 27, ఆదివారం

లెక్క. తాళ్ళకెక్కినవి 117. చేతులు మారినవి 74, అందులో పట్టువి 6. మిగిలినవి 43. వాటిలో 11 సొంతదారులే మనసొప్పక పట్టుకుపోయారు, ఆ ధర్మవరం సహా. బాగున్న 24 ఉతికి, ఇస్త్రీ చేయించి మూట కట్టాం. గూంజ్‌కి పంపిస్తాం. 1999లో ఢిల్లీలో మొదలైన సంస్థ, బెంగళూరులోనూ తీసుకుంటుంది. పాత నూలు బట్టలతో వాళ్ళు నెలసరి గుడ్డలు కూడా కుడతారని విన్నాక, మూటలో నూలువి శుభ్రంగా వేరుచేసి పెట్టింది అక్క. ఎవరికీ అక్కర్లేనివి ఎనిమిది. కత్తిరించి తుడుపు గుడ్డలు చేశాం. ఒక చిరిగిన స్వెట్టరు ఉంది, పానిపట్‌లో ఇలాంటివి చీల్చి మళ్ళీ దారం తీసి దుప్పట్లు నేస్తారు. ఒక్క స్వెట్టరుని పానిపట్ దాకా ఎవరు మోస్తారు? పొడి చెత్త సంచిలోకి వెళ్ళింది.

పిక్కల్లో 32 తిరిగి రాలేదు. జనం పర్సుల్లో ఉన్నాయి. "సంక్రాంతికి చెల్లుతాయా?" అని గ్రూపులో అడుగుతున్నారు.

నా కుర్తీలు ఇప్పుడు 29. ఐదే తగ్గాయి. దీని మీద మా ఆయన ఇంకా ఏమీ అనలేదు, నేను అంకె చెప్పలేదు కాబట్టి.

ఆగస్టు 8, వరలక్ష్మీ వ్రతం

సాయంత్రం పేరంటానికి శ్రీకాకుళం ఫ్రెండ్ కూతుర్ని తీసుకుని వచ్చింది. గడప దగ్గర ఆ పిల్ల గిర్రున తిరిగింది. నెమలికంఠం రంగు పట్టులంగా, అదే బుటా.

నా ఉప్పాడ. కత్తిరించేశారు.

గుండె కలుక్కుమంది, ఇందులో దాచేదేముంది. తాంబూలం పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆరు పిన్నీసులతో నాలుగుసార్లు కట్టిన చీర అది. వెనక్కి చూడకూడదన్న డైలాగు కొట్టిన నోరు నాదే కాబట్టి మాట రాలేదు. ఫ్రెండ్ నా మొహం చూసి, "బాలేదా?" అంది. వంగి పిల్ల లంగా అంచు పట్టుకున్నాను. మదనపల్లె టైలరమ్మ కుట్టే, తెలిసిపోతుంది, సన్నగా, వంకర లేకుండా. మూడు టక్కులు వేసింది.

"మీటరున్నర ముక్క మిగిలిందే" అంది ఫ్రెండ్, శనగలు అందుకుంటూ. "నీకు జాకెట్టుకి వస్తుంది. ఇమ్మంటావా?"

"పిక్క ఇవ్వాలా?" అన్నాను.

"ఒకటి చాలు" అంది.